కోయసాన్ ఆలయ బస: శాకాహారులకు అనుకూలమేనా?

ప్రశ్న: జపాన్ సంస్కృతిని దగ్గరగా చూడాలనుకునే శాకాహారులు ఆలయంలో బస చేయవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చేయవచ్చు. షుకుబో అనే ఈ బస యాత్రికుల కోసం మొదలైంది, నేడు ఏ మతం వారికైనా గది దొరుకుతుంది. ఇందుకు బాగా తగిన చోటు వకయామా ప్రాంతంలోని కోయసాన్. 816లో కూకై అనే ఆచార్యుడికి ఈ కొండ దక్కాక షింగోన్ బౌద్ధానికి అది కేంద్రమైంది. సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో వందకు పైగా ఆలయాలున్నాయి. వాటిలో సగం దాకా అతిథులకు బస ఇస్తాయి.

జపాన్‌లో శాకాహారులకు చిక్కు తెచ్చేది కంటికి కనిపించే మాంసం కాదు, దాషి అనే మూలరసం. కూరగాయల వంటలోనూ దీన్ని సాధారణంగా ఎండు చేప తురుముతో తీస్తారు. ఆలయాల షోజిన్ ర్యోరి భోజనంలో మాత్రం కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు వాడతారు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నువ్వుల ముద్దతో చేసే గోమా దోఫు ఇక్కడి ప్రత్యేకత.

తెల్లవారి ఆరింటి ప్రాంతంలో ప్రార్థన ఉంటుంది. కొన్ని ఆలయాల్లో అగ్నిక్రతువు కూడా చేస్తారు. దాని మూలాలు భారతీయ హోమంలోనే ఉన్నాయి కనుక తెలుగు యాత్రికులు దాన్ని తప్పక చూడాలి. అజికాన్ ధ్యానం, సూత్రాల ప్రతి రాయడం వంటివి అన్నిచోట్లా ఉండవు. గది కుదుర్చుకునేటప్పుడే అడగాలి. ఒకునోయిన్ శ్మశానవాటికలో రెండు కిలోమీటర్ల దారిని తీరిగ్గా నడవాలంటే రెండు రాత్రులు ఉండటం మేలు. రాత్రి భోజనం ఆరింటికే వడ్డిస్తారు కాబట్టి ఒసాకా నుంచి రైలు, కేబుల్ కార్ మారి సాయంత్రం ఐదులోపు చేరుకోవాలి.