సమానత్వం ఒకే కొలత కాదు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న అటవీ గ్రామం పామేడు. రాజ్యాంగంలోని 14వ అధికరణం హామీ ఇచ్చిన సమానత్వానికి అర్థమేమిటన్న ప్రశ్న ఈ ప్రాంతం నుండే సుప్రీంకోర్టుకు చేరింది.

2005లో ఇక్కడ సాల్వాజుడుం ఆరంభమైంది. మావోయిస్టులను ఎదుర్కొనడానికి గిరిజన యువకులను ప్రభుత్వం ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించింది. ఐదవ తరగతి చదువు, రెండు మాసాల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతిలో తుపాకి! పల్లెలు ఖాళీ అయ్యాయి. అనేక కుటుంబాలు ఖమ్మం జిల్లాకు వలస వచ్చాయి.

2007లో నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఇ.ఏ.ఎస్. శర్మ ఒక పిటిషన్, కర్తం జోగా మొదలైన ఆదివాసీ నాయకులు మరొక పిటిషన్ దాఖలు చేశారు. చదువులోను, శిక్షణలోను వెనుకబడినవారిని రెగ్యులర్ పోలీసులతో సమంగా ప్రమాదంలోకి నెట్టడమంటే అసమానులను సమానులుగా చూడడమేనని, అది 14, 21 అధికరణాలకు విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది.

అయితే ఆ సంవత్సరమే రాష్ట్రం కొత్త చట్టం చేసి, సహాయక సాయుధ దళాన్ని ఏర్పరచింది. రాజ్యాంగం ఇచ్చిన హామీ తనంతట తాను అమలు కాదు. అడిగేవారున్నప్పుడే అది వారికి ఆయుధమవుతుంది. ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు.