శక్తి యున్న చోటనే పరిశ్రమ

కొండవీటి దుర్గము చుట్టునున్న రేగడి నేలలలో ప్రత్తి ముఖ్యమైన పంట. పూర్వము ప్రత్తినుండి గింజ తీయుట, ఏకుట, వడకుట, నేయుట మొదలగు పనులన్నియు మన గ్రామములందలి ఇండ్లలోనే జరిగెడివి. తీరాంధ్రమున నేసిన బట్టలు మచిలీపట్నము రేవునుండి ఓడలపై విదేశములకు పోయెడివి. 1611లో ఆంగ్ల వర్తకులు అచ్చట వర్తకస్థానము నెలకొల్పుటకు ఈ బట్టల వ్యాపారమే ముఖ్య కారణము. అట్టి పరిశ్రమ గ్రామమును విడిచి ఎట్లు పోయెనో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

యంత్రము వేరు, శక్తి వేరు

రాట్నమునకు ఒకే కదురు. 1764 ప్రాంతమున ఇంగ్లండులో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒకే చక్రముతో ఎనిమిది కదుళ్లను త్రిప్పు యంత్రమును కల్పించెను. అయినను దానిని త్రిప్పినది మనిషి చేయియే. కావున అది ఇంటిలోనే ఇమిడెను. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డు గ్రామమున నీటి వడితో నడచు నూలు మిల్లును స్థాపించెను. పనివారు ఇల్లు విడిచి మిల్లునకు పోవలసి వచ్చెను. కాని ఏరున్న చోటనే అట్టి మిల్లుండవలెను. నీరు తగ్గినచో మిల్లు ఆగును.

ఈ చిక్కును ఆవిరియంత్రము తీర్చెను. 1712లో థామస్ న్యూకమెన్ నిర్మించిన యంత్రము గనులలోని నీటిని తోడెడిది. ఒకే సిలిండరును మాటిమాటికి కాచి, చల్లార్చవలసి వచ్చుటచే దానికి బొగ్గు విపరీతముగా పట్టెడిది. జేమ్స్ వాట్ ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్రను అమర్చి, 1769లో పేటెంటు హక్కు పొందెను. సిలిండరు ఎల్లప్పుడు వేడిగా నుండుటచే బొగ్గు ఖర్చు చాల తగ్గెను. తరువాత ఆ యంత్రముచే చక్రము తిరుగు ఏర్పాటును గూడ ఆయన చేసెను. 1785లో ప్యాపిల్‌విక్ నూలు మిల్లునకు ఆవిరి చేరెను. అటుపిమ్మట బొగ్గును, కూలిజనమును లభించు పట్టణములే పరిశ్రమకు స్థానములయ్యెను.

మనకు కలిగిన ఫలితము

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లుల నూలు, బట్ట మన సంతలకు వచ్చెను. మొదట పని పోయినది రాట్నము త్రిప్పు స్త్రీలకు. నేతగాండ్రు మిల్లు నూలు కొని కొంత నిలద్రొక్కుకొనిరి. రైతు ప్రత్తిని అమ్మి బట్టను కొనువాడయ్యెను. మన దేశమున మిల్లులు లేచినను, అవి తొలుత ఎక్కువగా బొంబాయి వంటి రేవు పట్టణములలోనే లేచెను.

తీగపై వచ్చిన శక్తి

విద్యుత్తు ఈ స్థితిని మార్చగలదు. బొగ్గువలె బండ్లపై మోయ నక్కరలేక అది తీగపై గ్రామము చేరును. 1955లో మాచ్‌ఖండ్, తరువాత నాగార్జునసాగరము జలవిద్యుత్తు నిచ్చినవి. ఇటీవలి సంవత్సరములలో కొండవీటి సమీపముననే పట్టణముల చెత్తను కాల్చి, ఆ వేడిమిచే ఆవిరి పుట్టించి, విద్యుత్తు తీయు కేంద్రము వెలసినది.

అయితే తీగ వచ్చినంతనే పరిశ్రమ రాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో చిన్నతరహా పరిశ్రమలు, కుటీర పరిశ్రమలు, గ్రామ విద్యుదీకరణము కలవు. కావున ఊరికి యంత్రము వచ్చునపుడు గ్రామసభలో ఈ ప్రశ్నలు వేయవలెను: మన పంటలో ఎంత భాగము ఇచ్చటనే తయారు సరకగును? పని ఎవరికి దొరకును, ఎవరికి పోవును? నీరెంత పట్టును? పొగ, బూడిద ఎచ్చటికి పోవును? రాట్నము మూలబడిన నాడు ఈ ప్రశ్నలను అడుగు అధికారము గ్రామమునకు లేకుండెను. నేడు కలదు, దానిని వినియోగించుట సభ్యుల విధి.