శిక్షణ ముగిసిన మర్నాడు

చిరంజీవి సుధాకర్‌కి,

నీ పరిశోధన ప్రతిపాదన మొదటి నుంచి చివరి దాకా చదివాను. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు ఇచ్చే ఇన్‌సర్వీసు శిక్షణ వల్ల పిల్లల చదువు మెరుగుపడిందా లేదా తేలుస్తానని రాశావు. అంశం మంచిది, అవసరమైనది. కానీ ప్రశ్నను అలాగే ఉంచితే ఏళ్ల తరబడి కష్టపడ్డాక నీ చేతికి ‘అవును’ అనో ‘లేదు’ అనో ఒక్క ముక్క వస్తుంది. దాన్ని పట్టుకుని ఏ మండల విద్యాధికారి గానీ, జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకుడు గానీ చేయగలిగిందేమీ ఉండదు. శిక్షణలో నేర్చుకున్నది తరగతి గదిలో ఎప్పుడు వాడకంలోకి వస్తుంది, ఎప్పుడు రాదు, ఎందుకు రాదు అని అడుగు. 1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నుంచి జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డి.పి.ఇ.పి.), సర్వశిక్షా అభియాన్‌ల దాకా మన దగ్గర శిక్షణలకు కరువు లేదు. కరువల్లా ఈ ప్రశ్నను ఓపిగ్గా వెంటాడిన వాళ్లకే.

ఆధారం ఎక్కడుందంటావా, మన బడుల్లోనే ఉంది. 2005 నుంచి కొన్నేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పెద్ద ఎత్తున ప్రయోగాలు చేశారు. వాటిలో టీచర్లకు బోనస్ ఇచ్చిన ప్రయోగం గురించే అందరూ మాట్లాడతారు. నువ్వు ముందు టీచర్లకు నివేదికలిచ్చిన ప్రయోగాన్ని చదువు. 100 బడుల్లో ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ తరగతి పిల్లలు దేనిలో వెనకబడ్డారో రాతపూర్వకంగా టీచర్లకు ఇచ్చారు. ఆ నివేదికను ఎలా వాడుకోవాలో సూచనలూ ఇచ్చారు. అప్పుడప్పుడు వెళ్లి తరగతులు చూసి వచ్చారు. చూడటానికి వెళ్లినప్పుడు ఆ టీచర్లు మిగతా బడుల వాళ్లకంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించు. ఆ నివేదిక ఇచ్చిన సమాచారం పనికిరానిదేమీ కాదు. మూడో తరగతి పిల్లవాడు 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాశాడనుకో. వాడికి తీసివేత రాదనుకుంటే పొరపాటు. ఒకట్ల స్థానంలో 7లోంచి 2, పదుల స్థానంలో 4లోంచి 1 తీశాడు. పైనుందా కిందుందా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని తనకు తానే ఒక సూత్రం పెట్టుకున్నాడు. మంచి శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలికి ఆ 35 చూడగానే సంగతి బోధపడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడిపుల్లలు రెండు వాడి ముందు పెట్టాలి. రెండు పుల్లల్లోంచి ఏడు ఎలా ఇస్తావని అడగాలి. ఒక కట్ట వాడి చేతే విప్పించాలి. ఇదంతా వాడి పక్కన కూర్చుని చేయాల్సిన పని. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసుకునే బడిలో ఆ వెసులుబాటు ఎక్కడుంది? పైగా సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే అధికారి ఉన్నాడు, ఏ గణాంకాలు ఎన్నిసార్లు పంపారని అడిగే ఆఫీసు ఉంది. ఆ పిల్లవాడికి తీసివేత వచ్చిందా అని అడిగే వాళ్లే లేరు. అలాంటి చోట శిక్షణ అటక మీద పెట్టిన పనిముట్టులా ఉండిపోతుంది.

ఇప్పుడు బోనస్ ప్రయోగానికి రా. పిల్లల సగటు మార్కులు ఎంత పెరిగితే దాన్ని బట్టి అక్కడ టీచర్లకు కొంత సొమ్ము ఇచ్చారు. సగటున అది ఏడాది జీతంలో దాదాపు 3 శాతం, అంటే పెద్ద మొత్తమేమీ కాదు. ఆ బడులకు కూడా ఇలాంటి నివేదికలే అందాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆ పిల్లలు మిగతా బడుల వాళ్లకంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. నివేదిక ఉపయోగపడిందని బోనస్ బడుల టీచర్లు చెప్పిన చోట పిల్లల ప్రగతి కూడా ఎక్కువగా కనిపించింది. బోనస్ లేని బడుల్లో ఆ మాటకూ మార్కులకూ పొంతన లేదు. నీకు అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. మామూలు బడుల్లో టీచరుకున్న చదువుకు, శిక్షణకు, పిల్లల ప్రగతికి చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. బోనస్ బడుల్లో దొరికింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయుల్లో ఆ శక్తి ముందు నుంచీ ఉందనీ, దాన్ని బయటికి లాగే పరిస్థితే బడిలో లేదనీ నేను దీన్ని చదువుకుంటాను. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏ బడికి బోనస్ అన్నది లాటరీ వేసి తేల్చారు గానీ, ఎవరికి ఎంత శిక్షణ అన్నది అలా తేల్చలేదు. కాబట్టి ఇది బలమైన సూచనే తప్ప రుజువు కాదు. దాన్ని రుజువు దాకా తీసుకెళ్లే పని నీలాంటి వాళ్లది.

‘పంతుళ్లు పనిచేయరు, డబ్బు చూపిస్తే చేస్తారు’ అని నీ సెమినార్‌లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు తల ఊపకు. బోనస్ బడుల్లో టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వాళ్లు చేసిన పనే మారింది. వేళ దాటాక అదనపు తరగతులు పెట్టామనీ, ఎక్కువ అభ్యాసం చేయించామనీ వాళ్లే చెప్పారు. మరొకరు అటువైపు నుంచి వచ్చి, పెద్దగా శిక్షణ లేని కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చిన బడుల్లోనూ పిల్లలు మెరుగుపడ్డారు కదా, ఇక డి.ఇడి.లు, బి.ఇడి.లు దేనికంటారు. నిజమే, ఆ ఫలితం కూడా ఈ ప్రయోగాల్లోదే. కానీ అక్కడ బడిలో మరో మనిషి తోడయ్యారు, ఒక్కొక్కరి మీద పడే పిల్లల భారం తగ్గింది. శిక్షణ వృథా అన్న తీర్పు దాన్నుంచి రాదు. పనిచేయడానికి అనువు కుదిరితే తక్కువ శిక్షణ ఉన్నవాళ్లు కూడా ఫలితం చూపగలరని మాత్రం వస్తుంది.

అనువు కల్పించే దారి డబ్బొక్కటే కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం తయారుచేసిన పద్ధతి చూడు. పాఠ్యపుస్తకం స్థానంలో వరుస కట్టిన కార్డులు పెట్టారు. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే కార్డుల వరుస చూపే నిచ్చెన పటం చూసి తెలుసుకుంటాడు, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొందరు సొంతంగా, కొందరు తోటివాళ్లతో పనిచేసుకుంటుంటే, కొత్త విషయం మొదలుపెట్టే జట్టు దగ్గర టీచరు కూర్చోగలుగుతుంది. 42లోంచి 17 తీయలేని పిల్లవాడికి కావలసిన సమయం ఆ అమరికలోంచే పుడుతుంది. శిక్షణ కూడా ఆ కార్డుల చుట్టూనే సాగుతుంది. కర్ణాటకలో నలికలి, తమిళనాడులో కార్యాచరణ ఆధారిత బోధన ఇక్కడి నుంచే వెళ్లాయి. వేల బడులకు పాకినప్పుడు ఆ పద్ధతిలో ఏది నిలిచింది, ఏది ఉత్త తంతుగా మిగిలింది అన్నది నీ ప్రశ్నకు దగ్గరి ప్రశ్నే.

ఊరినీ ఇంటినీ మర్చిపోకు. ఆ ప్రయోగాల్లోనే కొన్ని బడులకు పిల్లల సామగ్రి కొనేందుకు నిధులిచ్చారు. మొదటి ఏడాది ఎవరూ ఎదురుచూడని డబ్బు కాబట్టి పిల్లలకు మేలు జరిగింది. రెండో ఏడాది, బడే కొంటుందని తెలిసి తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లాభం కనపడలేదు. అది తప్పని అనను, బీద ఇంట్లో ఏ రూపాయి ఎటు పోవాలో వాళ్లకే తెలుసు. నువ్వు కొలిచే ప్రతి పథకానికీ అవతల ఇలా ఆలోచించి నడుచుకునే మనుషులుంటారు. టీచర్ల సంగతీ అంతే.

ఇక పని ఎలా చేయాలంటావా, నీ ప్రతిపాదనలో తరగతి పరిశీలనకే పెద్ద పీట వేశావు. చూడటానికి వచ్చిన వాళ్ల ముందు చురుకుదనం పెరిగి, చదువు మాత్రం ఉన్నచోటే ఉండిపోయిన ఆ 100 బడులను గుర్తుపెట్టుకుని దాన్ని తగ్గించు. దాని బదులు పిల్లల లెక్కల నోటుపుస్తకాలు అడిగి తీసుకో. శిక్షణకు నెల ముందు నుంచి మూడు నెలల తర్వాత దాకా, ఆ పిల్లలవే. తప్పు లెక్క మీద ఎర్ర గీత ఒక్కటే ఉందా, పక్కన టీచరు మళ్లీ చేసి చూపించిందా, అదే తప్పు వచ్చే వారం కూడా వచ్చిందా చూడు. తర్వాత ఆ పేజీ టీచరు ముందు పెట్టి, దీన్ని దిద్దడానికి మీకు ఏం అడ్డొచ్చిందని మర్యాదగా అడుగు. ఆవిడ చెప్పింది సాకులా అనిపించినా కొట్టిపారేయకుండా రాసుకో. అలాంటి జవాబులు వంద పోగయితే అందులో సాకేదో, నిజమైన అడ్డంకేదో నీకే తెలుస్తుంది. ప్రశ్నావళి మార్చి రాశాక నాకు పంపు, దసరా సెలవుల్లోగా చదివి పెడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ