న్యూమన్ యంత్రం – విద్యుత్ కొలతల పాఠం

పెట్టిన శక్తి కంటె అధిక శక్తిని తిరిగి ఇచ్చే యంత్రాన్ని నిర్మించాలనే కోరిక ఈనాటిది కాదు. బోలు ఆకులలో సగం వరకు పాదరసం నింపిన చక్రం తనంతట తానే తిరుగుతుందని భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో వర్ణించాడు. ఇటువంటి యంత్రాలను ఇకపై పరిశీలించబోమని ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు 1775లో తీర్మానించింది. అయినను ఆ కోరిక నశించలేదు. చక్రం, పాదరసం పోయి వాటి స్థానంలో తీగచుట్ట, అయస్కాంతం వచ్చి చేరాయి.

అట్టి వాటిలో విశేష ప్రచారం పొందినది అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో లూస్‌డేల్ నివాసి జోసెఫ్ న్యూమన్ నిర్మించిన యంత్రం. దీనికై ఆయన 1979లో పేటెంటు దరఖాస్తు చేసుకున్నాడు. రాగితీగ, అయస్కాంతం, బ్యాటరీలు ఎక్కడైనను దొరికేవే కనుక, ఎందరో ఔత్సాహికులు దీనిని తమ ఇళ్ళలోనే నిర్మించి, రహస్యం తెలుసుకొనుటకు ప్రయత్నించారు. వారిని మూఢులని కొట్టివేయుట న్యాయం కాదు. వారిని తికమక పెట్టిన ప్రశ్నలు మన ప్రయోగశాలలో బి.యస్సీ. విద్యార్థికి సైతం ఎదురయ్యేవే.

యంత్ర నిర్మాణం క్లిష్టమైనది కాదు. సన్నని రాగితీగను వేలాది చుట్లుగా చుట్టిన పెద్ద తీగచుట్ట ఒకటి. దాని నడుమ తిరిగే బలమైన శాశ్వత అయస్కాంతం మరొకటి. అయస్కాంతంతో పాటు తిరిగే కమ్యుటేటర్ విద్యుత్ ప్రవాహపు దిశను మార్చుచుండును. మధ్యమధ్య వలయాన్ని తెంపుచుండును. వరుసగా కలిపిన అనేక చిన్న బ్యాటరీలు దీనికి విద్యుత్తు నిస్తాయి. రాగిలోని ద్రవ్యరాశి స్వల్పంగా శక్తిగా మారుచున్నదని, అందుచేత శక్తి నిత్యత్వ సూత్రానికి భంగం లేదని న్యూమన్ వాదన. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని ఆయన సాక్ష్యంగా చూపాడు. కాని ఆ మార్పు ఏ విధంగా జరుగునో ఆ సమీకరణం చెప్పదు. రాగి ఎంత తరిగినదో ఎవ్వరూ తూచి చూపలేదు.

చూచువారికి ఆశ్చర్యం కలిగించే అంశం మరొకటి కలదు. బ్యాటరీ నుంచి వచ్చే ప్రవాహం అత్యల్పం. తిరిగే అయస్కాంతం మిక్కిలి బరువైనది. దీనికి సమాధానం ఆంపియర్-చుట్లలో ఉన్నది. చుట్ల సంఖ్య పెరిగిన కొద్దీ అల్ప ప్రవాహం కూడ గణనీయమైన అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. బేరింగుల ఘర్షణ తక్కువగా ఉన్నచో, ఒకసారి వేగం అందుకున్న బరువైన వస్తువును తిప్పుచుండుటకు స్వల్ప సామర్థ్యమే చాలును. ఇక వలయం తెగినప్పుడు కనిపించే మెరుపు స్వయంప్రేరణ ఫలితం. తీగచుట్ట క్షేత్రంలో నిలువ ఉన్న శక్తి ఒక్క క్షణంలో వెలికి వచ్చును. అందుచేత వోల్టేజి బ్యాటరీ వోల్టేజి కంటె ఎన్నో రెట్లు పెరుగును. పెరిగినది వోల్టేజి మాత్రమే, శక్తి కాదు.

అసలు చిక్కు మీటర్లలో ఉన్నది. 100 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల నిరోధం కలిపి, వలయాన్ని ప్రతి ఆవర్తనంలో పదవ వంతు కాలం మాత్రమే మూసి ఉంచామనుకొందాం. మూసినప్పుడు ప్రవాహం 10 ఆంపియర్లు. సగటు 1 ఆంపియర్. వర్గమధ్యమ మూల విలువ సుమారు 3.16 ఆంపియర్లు. బ్యాటరీ ఇచ్చే సగటు సామర్థ్యం 100 వాట్లు. స్థిర వోల్టేజి గల బ్యాటరీ విషయంలో సగటు ప్రవాహంతో గుణించినచో ఇదే సంఖ్య వచ్చును. నిరోధంలో వేడిని లెక్కించుటకు మాత్రం వర్గమధ్యమ మూల విలువనే వాడవలెను. అక్కడ సగటు విలువను వాడినచో 10 వాట్లే వచ్చును. బ్యాటరీ వైపు వర్గమధ్యమ మూల విలువను వాడినచో 316 వాట్లు వచ్చును. ఒకే వలయం, మూడు జవాబులు! చల తీగచుట్ట అమ్మీటరు సగటును చూపును. సెకనుకు కొన్ని మారులే నమూనా తీసే చవక డిజిటల్ మీటరు ఈ స్పందనలలో కొన్నింటిని పూర్తిగా విడిచిపెట్టవచ్చును.

తీగచుట్ట ఉన్నచోట దశాభేదం కూడ తోడగును. ట్యూబులైటు చోక్‌ను గమనించండి. వోల్టేజి, ప్రవాహముల గుణకారం దానిలో నిజంగా ఖర్చయ్యే వాట్ల కంటె చాల ఎక్కువ. ఆ గుణకారాన్నే ‘ఉత్పత్తి’గా చూపి, బ్యాటరీ వైపు స్పందనలను మీటరు విడిచిపెట్టినచో, దక్షత కాగితం మీద 100 శాతాన్ని దాటుట ఏమంత కష్టం? బ్యాటరీలు లెక్కకు మించి మన్నినవనుట కూడ చాలదు. పొడి బ్యాటరీ అల్ప ప్రవాహంతో, విరామాలతో వాడినప్పుడు ఎక్కువ శక్తి నిచ్చును.

న్యాయస్థానం నియమించిన నిపుణుడు 1984లో న్యూమన్‌కు అనుకూలంగానే నివేదిక ఇచ్చాడు. వివాదం అంతటితో తెగలేదు. న్యాయస్థానం ఆదేశంపై అప్పటి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1986లో యంత్రాన్ని పరీక్షించినది. తేలిన దక్షత 26 నుంచి 67 శాతం. ఏ పరీక్షలోను ఉత్పత్తి సామర్థ్యం బ్యాటరీ ఇచ్చినదానిని మించలేదు. యంత్రాన్ని భూమికి కలిపినందువలననే ఈ ఫలితం వచ్చినదని న్యూమన్ ఆక్షేపించాడు. 1989లో అప్పీలు న్యాయస్థానం పేటెంటు నిరాకరణను సమర్థించినది.

ఆ ఆక్షేపణను పరిహసించనవసరం లేదు. భూమికి కలిపి ఒకసారి, కలపక ఒకసారి కొలిచి చూడవచ్చును. అంతకంటె సులువైన పరీక్ష మరొకటి కలదు. ఉత్పత్తిని ఏకదిశం చేసి కెపాసిటర్‌కు అందించి, ఆ కెపాసిటర్ నుంచే యంత్రాన్ని నడిపి, బ్యాటరీని పూర్తిగా తొలగించవలెను. అప్పుడు మీటర్ల వివాదమే ఉండదు. 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 100 వోల్టులకు ఆవేశితం చేసినచో అందులో ఉండునది 50 జౌళ్ళు. యంత్రం 5 వాట్ల చొప్పున వాడుకొన్నచో అది 10 సెకన్లకే చెల్లిపోవును. తిరిగే అయస్కాంతంలోని గతిశక్తి మరికొంత సేపు నడిపించవచ్చును. కనుక కనీసం ఒక గంట వేచి చూడవలెను.

మన విజ్ఞాన ప్రదర్శనలో ఇటువంటి నమూనాను ఉంచదలచిన విద్యార్థిని కళాశాల కమిటీవారు నిరుత్సాహపరచక, ఈ పరీక్షను ప్రేక్షకుల ఎదుటనే జరిపించిన బాగుండును. ఆసిలోస్కోప్‌ను భౌతికశాస్త్ర శాఖ నుంచి ఇప్పించవచ్చును. వలయం తెగిన క్షణాన తీగచుట్ట కొనల వద్ద పుట్టే వోల్టేజి ప్రాణాపాయకరం. ఆ కొనలను బంధక పదార్థంతో కప్పి, కెపాసిటర్‌ను నిరోధం ద్వారా ఖాళీ చేసిన పిమ్మటనే నమూనాను ముట్టవలెను.