పంట కాలువల్లో నీటి కొలత: పార్షల్ ఫ్లూమ్ పఠనాల్లో మునక ప్రభావం

వరిలో నీటి ఆదాపై చేసే ప్రయోగాల ఫలితాలన్నీ చివరకు ఒకే అంకెపై ఆధారపడతాయి. అది మడిలోకి చేరిన నీటి పరిమాణం. దిగుబడిని తూకం వేయడంలో చూపే శ్రద్ధ ఈ అంకె విషయంలో చాలా సందర్భాల్లో కనిపించదు.

చిన్న కాలువల్లో ప్రవాహాన్ని కొలవడానికి పార్షల్ ఫ్లూమ్ విరివిగా వాడుకలో ఉంది. అమెరికాలోని కొలరాడోలో రాల్ఫ్ పార్షల్ 1920లలో దీనిని రూపొందించారు. క్రమంగా ఇరుకయ్యే ముఖద్వారం, కిందికి వాలిన గొంతు, తిరిగి వెడల్పయ్యే నిర్గమ భాగం ఇందులో ఉంటాయి. గొంతు వద్ద నీరు వేగం పుంజుకొని దూకడం వల్ల దిగువ మట్టం ప్రభావం ఎగువకు పాకదు. కాబట్టి ఎగువ మట్టం ఒక్కటి చదివితే చాలు. అదే వెడల్పు గల వియర్‌తో పోలిస్తే మట్టం నష్టం సుమారు నాలుగో వంతే. నీటి వేగం వల్ల ఒండ్రు కూడా పెద్దగా నిలవదు.

గొంతు వెడల్పు 3 అంగుళాలు (7.6 సెం.మీ.) గల ఫ్లూమ్ ప్రయోగ క్షేత్రాలకు అనువైనది. ఎగువ మట్టాన్ని మీటర్లలో తీసుకొని, 1.547 ఘాతానికి హెచ్చించి, 176.5తో గుణిస్తే సెకనుకు ప్రవహించే లీటర్లు వస్తాయి. మట్టం 10 సెం.మీ. ఉంటే ప్రవాహం సెకనుకు 5 లీటర్లు, 20 సెం.మీ. ఉంటే 14.6 లీటర్లు. ఎకరానికి 5 సెం.మీ. తడి ఇవ్వాలంటే సుమారు 202 ఘనపు మీటర్ల నీరు కావాలి. రెండో ప్రవాహంతో ఇది దాదాపు 3 గంటల 50 నిమిషాల పని.

ఈ సూత్రం స్వేచ్ఛా ప్రవాహానికి మాత్రమే వర్తిస్తుంది. దిగువ మట్టాన్ని ఎగువ మట్టంతో భాగిస్తే వచ్చే మునక నిష్పత్తి 3 అంగుళాల ఫ్లూమ్‌లో 50 శాతం దాటరాదు. 6, 9 అంగుళాల వాటికి 60 శాతం, 1 అడుగు నుంచి 8 అడుగుల వాటికి 70 శాతం హద్దు. హద్దు దాటితే అదే ప్రవాహానికి ఎగువ మట్టం పెరుగుతుంది. సూత్రం ఉన్నదానికంటే ఎక్కువ నీటిని చూపుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. నిరంతరం నీరు నిలిపే మడిలో నీరు వెనక్కు తన్ని ఫ్లూమ్ మునిగే అవకాశం ఎక్కువ. ఆరుతడి మడిలో నేల ఖాళీగా ఉన్నప్పుడు నీరు పెడతారు గనుక మునక తక్కువ. అంటే లోపం రెండు పద్ధతుల్లోనూ సమానంగా ఉండదు. నిలువ నీటి మడికి లేని నీరు లెక్కలో చేరి, ఆరుతడి ఆదా చేసిన నీరు వాస్తవం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్ని పునరావృత్తులు వేసినా, ఎంత గణాంక విశ్లేషణ చేసినా ఈ పక్షపాతం తొలగదు. అందువల్ల దిగువ గేజి పఠనం లేని నీటి ఆదా ఫలితాన్ని సిఫారసుకు ఆధారం చేయకపోవడమే మంచిది.

నివారణ కష్టమేమీ కాదు. ఫ్లూమ్ అడుగు భాగాన్ని కాలువ అడుగు కంటే తగినంత ఎత్తున అమర్చి, ఎగువ గట్లను ఆ మేరకు బలపరచాలి. గోదావరి, కృష్ణా డెల్టాల వంటి వాలు తక్కువ ప్రాంతాల్లో ఇది ఎల్లప్పుడూ సాధ్యపడదు. అక్కడ చదునైన అడుగు గల కట్‌త్రోట్ ఫ్లూమ్ మేలు. రెండు మట్టాలూ చదివితే మునిగిన స్థితిలోనూ ప్రవాహాన్ని లెక్కించవచ్చు.

గేజి సున్నా కూడా ఫ్లూమ్ అడుగుతో సరిపోవాలి. అసలు మట్టం 10 సెం.మీ. ఉన్నప్పుడు గేజి 11 చూపితే ప్రవాహం 16 శాతం ఎక్కువగా లెక్కకు వస్తుంది. తడి నేలలో ఫ్లూమ్ కుంగుతుంది కనుక ప్రతి తడికి ముందు లెవెల్ గొట్టంతో సరిచూడాలి. ప్రవాహం మారుతున్నప్పుడు మట్టాల సగటు తీసి సూత్రంలో వేయరాదు. 10, 20 సెం.మీ. పఠనాలకు విడివిడిగా ప్రవాహం కట్టి సగటు తీస్తే 9.8 లీటర్లు. 15 సెం.మీ. సగటు మట్టంతో కడితే వచ్చేది 9.4 మాత్రమే.