గండికోటయందు చిత్రలేఖనము

ప్రశ్న: ప్రొద్దుటూరి చిత్రకారులము కొందరము కలిసి ఆరుబయట చిత్రింప నెంచితిమి. ఎట్లు ఆరంభింపవలెను?

జవాబు: జమ్మలమడుగు చెంత, పెన్న ఎఱ్ఱని శిలలను కోసికొనుచు ప్రవహించు గండికోట లోయ యుండగా మీకు అన్యస్థలాన్వేషణ మేల? అయినను తొలినాడే లోయనంతటిని కాగితముపై నిలుపబూనకుడు. మాధవరాయస్వామి గోపురమునో, ధాన్యాగారపు గోడపై పడు నీడనో ఎన్నుకొని, అరచేయంత కాగితముపై వెలుగు, నడిమిచాయ, నీడ అను మూడింటిని మాత్రమే వేరుపరుపుడు. సూర్యగమనముతో నీడలు జరుగుచుండును గనుక, మొదట వాని అంచులను గీసికొని, పిదప అవి మారినను దిద్దక, రెండు గంటలలో ముగింపుడు. మన సీమ యెండలో నీటిరంగు త్వరగా ఆరిపోవును. కాగితమును ఇరువైపుల తడిపి పలకపై పఱచినచో కొంత వ్యవధి లభించును. ఎండ నేరుగా కాగితముపై పడినచో ఆ మెఱపున రంగులు లేతగా తోచి, ముదురుగా పూయుదుము. ఇంట చూడగా చిత్రము నల్లబడి యుండును.

సాహచర్య మెంతటి బలమో, రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడగు కూల్డ్రే దొర ప్రోత్సాహమున వికసించిన చిత్రకారులు దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజుల చరిత్రయే సాక్ష్యము. మీరును ఒకే దృశ్యమును అందఱు చిత్రించి, పని ముగిసిన పిదపనే ప్రక్కప్రక్క నిలిపి చర్చింపుడు. లోయ అంచునకు మాత్రము దూరముగా కూర్చుండుడు.