రాయితీ గడ్డి విత్తనం తెచ్చుకున్నారా? మొదటి ఏడాది మందను చేలోకి తోలకండి

(రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో పశుగ్రాస విత్తనం తీసుకున్న గొర్రెలు, మేకల పెంపకందారుల కోసం)

అంజన్ గడ్డి, స్టైలో విత్తనం ఇంటికి చేరింది. మీ వాటా కట్టేశారు, రిజిస్టర్లో సంతకం పెట్టేశారు. దాంతో పథకం పని అయిపోయిందనుకుంటాం గానీ, అసలు పని ఇప్పుడే మొదలు. ఈ రెండూ ఒకసారి వేరు పట్టుకుంటే మూడు నాలుగేళ్లు మళ్లీ విత్తే పని ఉండదు. పట్టుకోకపోతే మాత్రం వేసవిలో మేత కొనలేక జీవాలను వచ్చిన ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. రాయితీ విత్తనం వరకే. దుక్కి ఖర్చు, కంచె ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వరు.

విత్తే ముందు

ముందుగా బస్తా మీద ట్యాగ్ చూడండి. ట్యాగ్, రసీదు రెండూ దాచిపెట్టండి. విత్తనం మొలవకపోతే ఫిర్యాదుకు అవే ఆధారం. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, ఆరకుండా పది రోజులు ఉంచి చూడండి. అంజన్ గింజ వందకు ముప్పై, నలభై మొలిచినా తక్కువేమీ కాదు, ఆ గడ్డి తీరే అంత. కొత్తగా కోసిన అంజన్ విత్తనం కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది. పక్క ఊరివాళ్లు నిన్నగాక మొన్న దులిపిన గింజలు ఇస్తామంటే తీసుకోవచ్చు గానీ వచ్చే ఏడాదికి దాచుకోండి.

స్టైలో గింజకు పైపొట్టు గట్టి. అలాగే చల్లితే సగం గింజలు మట్టిలో అట్లే పడి ఉంటాయి. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. థర్మామీటరు అక్కర్లేదు. మూడు చెంబులు మరుగుతున్న నీళ్లకు ఒక చెంబు మామూలు నీళ్లు కలిపితే దాదాపు ఆ వేడే వస్తుంది. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే గింజ చస్తుంది. నానిన గింజను నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. అందుకే నేల పదును చూసుకున్నాకే నానబెట్టండి.

పదును అంటే తొలి జల్లు కాదు. చేత్తో తవ్వితే జానెడు లోతున తడి తగలాలి. మన దగ్గర జూన్‌లో ఒక వాన పడి తర్వాత ఇరవై రోజులు బెట్ట రావడం మామూలే. గింజ మొలిచి తడి అందక మాడిపోతే మళ్లీ లేవదు.

ఎంత లోతున?

ఇక్కడే ఎక్కువమంది విత్తనం పోగొట్టుకుంటారు. వేరుశనగ విత్తిన చెయ్యి గడ్డి గింజను కూడా అంత లోతుకే వేస్తుంది. ఇవి నూగంత గింజలు. గోరు మునిగేంత లోతు, అంటే ఒక సెంటీమీటరు చాలు. రెండు దాటితే మొలక పైకి రాలేదు. అంజన్ గింజ నూగు నూగుగా చేతికి అంటుకుంటుంది కాబట్టి తడి ఇసుకలో కలిపి సాళ్లలో రాల్చండి. అంజన్ ఒక్కటే వేస్తే ఎకరాకు రెండు కిలోలు, స్టైలో ఒక్కటే వేస్తే నాలుగు కిలోలు. రెండూ కలిపి వేసేవాళ్లు మూడు సాళ్లు అంజన్, ఒక సాలు స్టైలో పెట్టుకుని ఆ లెక్కన తగ్గించుకోవాలి. సాలుకూ సాలుకూ మధ్య మూరెడు పైచిలుకు ఉండాలి. ఆఖరి దుక్కిలో ఎకరాకు రెండు టన్నుల పశువుల ఎరువు వేస్తే మంచిది. విత్తాక గుంటక తోలొద్దు, కంప కొమ్మ ఒకటి తేలిగ్గా ఈడిస్తే సరిపోతుంది.

మొలిచిన నెల రోజులు కలుపుదే పైచేయి. వయ్యారిభామ గానీ తుంగ గానీ ముందు లేచిందంటే సన్న మొలకకు వెలుతురు అందదు. కనీసం ఒకసారి చేత్తో కలుపు తీయించండి. ఖాళీలు కనిపిస్తే వాన రోజున అంజన్ దుబ్బును వేళ్లతో చీల్చి పిలకలు నాటుకోవచ్చు.

“పచ్చగా ఉంది కదా, తోలొచ్చా?”

ప్రతి ఊళ్లోనూ అడిగే ప్రశ్న ఇది. తోలొద్దు. నెలన్నర గడ్డి పైకి ఒత్తుగా కనిపించినా కింద వేరు ఇంకా పైపైనే ఉంటుంది. ఒక దుబ్బు పట్టుకుని గొర్రె లాగినట్టు లాగి చూడండి. ఆకు తెగితే వేరు పట్టినట్టు. వేరుతో సహా ఊడి వస్తే మంద మేసినా అదే జరుగుతుంది. ఆకు తెగిందని మందను తోలమని కాదు, కొడవలి పెట్టొచ్చని అర్థం. మొదటి కోత 70 నుంచి 75 రోజులకు, నేల మీద నాలుగైదు అంగుళాలు వదిలి కోసి, దొడ్డికి మోసుకెళ్లి వేయండి. మొదటి ఏడాదంతా అంతే. చలికాలంలో కొంత భాగం కోయకుండా వదిలితే గింజ రాలి ఖాళీలు వాటంతటవే నిండుతాయి.

రెండెకరాలే ఉండి నలభై జీవాలున్న మనిషికి ఇది చెప్పినంత తేలిక కాదు. అలాంటివాళ్లు ఈ ఏడాది ఎకరంలోనే గడ్డి విత్తి, చుట్టూ ముళ్లకంప వేసుకోండి. రెండో ఎకరంలో అలసంద, పిల్లిపెసర వంటి తొందరగా చేతికొచ్చే మేత వేయండి. జొన్న వేస్తే మాత్రం జాగ్రత్త. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న మేస్తే నాము పట్టి జీవాలు నిమిషాల్లో పడిపోతాయి. పూత వచ్చేదాకా ఆ చేలోకి వదలొద్దు. పొరపాటున మేసి నురగ కక్కుతుంటే ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

పొలం పక్కనే ఊరి మందలు తిరిగే దారి ఉంటే, విత్తే ముందే ఆ కాపర్లతో మాట్లాడి పెట్టుకోండి. రెండో ఏడాది వానలకు గడ్డి మోకాలెత్తు వచ్చాక మందను తోలొచ్చు. చేను మూడు నాలుగు భాగాలు చేసుకుని, ఒక భాగం మేశాక మళ్లీ చిగురించేదాకా దాన్ని వదిలేయాలి.